సర్రసీనియా: చలిదేశపు చిత్తడి తోటలో శరత్కాలం

సర్రసీనియా ఉత్తర అమెరికాలో సహజంగా పెరిగే కీటకాహార మొక్కల ప్రజాతి. దీని ఆకు గొట్టంగా, నోరు తెరిచిన కూజాగా మారి ఉంటుంది. అందులో పడిన పురుగు బయటికి రాలేదు, అక్కడే చచ్చి, కుళ్లి, మొక్కకు ఎరువవుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో కీటకాహార మొక్క అనగానే కనిపించే కూజా బొమ్మ నెపెంథిస్‌ది. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ జాతి ఒక్కటే, మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానా. సర్రసీనియాకు దానితో చుట్టరికం లేదు. నెపెంథిస్ కూజా ఆకు కొసనున్న తీగకు వేలాడుతుంది. సర్రసీనియా కూజాలు నేలలో అడ్డంగా పెరిగే కొమ్ము నుంచి నేరుగా పైకి లేస్తాయి. నెపెంథిస్ జాతుల్లో చాలావాటిని గడ్డకట్టే చలి ఒక్క రాత్రిలో చంపేస్తుంది. సర్రసీనియాకు ఏటా మూడు నాలుగు నెలల చలి లేకపోతే మొక్క క్రమంగా నీరసించి చచ్చిపోతుంది.

ఈ మొక్కల గురించి రాసేవాళ్లు సాధారణంగా వసంతంలో పూసే పూలనూ, వేసవిలో సాగే వేటనూ వర్ణిస్తారు. మొక్క మరుసటి ఏడాది బతుకు ఎలా ఉండబోతోందో తేలేది మాత్రం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. పూమొగ్గ కట్టేదీ, కొమ్ములో పిండిపదార్థం నిల్వపడేదీ, విత్తనం పండేదీ అప్పుడే. తోటమాలి చేతులు అనవసరంగా దురదపెట్టేదీ అప్పుడే. అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, తూర్పు కెనడాల్లోని చిత్తడి తోటలను దృష్టిలో పెట్టుకుని ఆ మూడు నెలల సంగతులను ఇక్కడ ఎక్కువగా వివరించాం.

జాతులు, విస్తరణ

సర్రసీనియేసీ కుటుంబంలో మూడు ప్రజాతులున్నాయి. ఒకటి సర్రసీనియా. రెండోది కాలిఫోర్నియా, ఒరెగాన్ రాష్ట్రాల్లో చల్లటి ఊటనీళ్ల పక్కన పెరిగే డార్లింగ్టోనియా. పడగ విప్పినట్టుండే ఆకుల వల్ల దాన్ని కోబ్రా లిల్లీ అంటారు. మూడోది దక్షిణ అమెరికాలో గయానా ఉన్నత భూముల మీద ఉండే హీలియాంఫొరా. సర్రసీనియాలో 8 జాతులని కొందరు, 11 అని కొందరు లెక్క చెబుతారు. రూబ్రా అనే గుంపును ఒకే జాతిగా చూడాలా, నాలుగైదుగా విడగొట్టాలా అన్న దగ్గర వృక్షశాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. తోటల్లో ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరమై, ఆ సంకరాలు మళ్లీ విత్తనం కడతాయి కాబట్టి ఈ తగువు ఇప్పట్లో తెగేది కాదు.

జాతుల్లో చాలావాటి సొంత ఊరు అమెరికా ఆగ్నేయ తీరమైదానం, అంటే వర్జీనియా నుంచి ఫ్లోరిడా మీదుగా టెక్సాస్ వరకు ఉన్న చెమ్మనేలలు. పసుపు కూజాలతో మీటరు ఎత్తుకు దగ్గరగా లేచే ఫ్లేవా, తెల్లటి పైభాగంలో ఎర్రటి ఈనెలతో ఉండే ల్యూకోఫిల్లా, మూత ముందుకు వంగి టోపీ పెట్టుకున్నట్టుండే మైనర్, నేలకు అంటుకుని పడుకుని వరదనీటిలో మునిగినా వేటాడే సిట్టసీనా అన్నీ అక్కడివే. గడ్డకట్టే ఉత్తరానికి ప్రాకినది పర్ప్యూరియా ఒక్కటే. ఇది లాబ్రడార్, న్యూఫౌండ్లాండ్ తీరాల నుంచి కెనడా పొడుగునా బ్రిటిష్ కొలంబియా ఈశాన్య మూల వరకు కనిపిస్తుంది. న్యూఫౌండ్లాండ్ 1954లో దీన్ని తన అధికారిక పుష్పంగా ప్రకటించింది. అంతకుముందే 1938లో వచ్చిన అక్కడి ఒక సెంటు నాణెం మీద ఈ మొక్క బొమ్మ ఉంది. న్యూజెర్సీలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ ప్రాంతం నుంచి కారులో గంటకు అటూ ఇటూగా వెళితే పైన్ బారెన్స్ అడవుల చిత్తడిలో దీన్ని చూడొచ్చు. అక్టోబరులో క్రాన్‌బెర్రీ మడులకు నీళ్లు కట్టి ఎర్రటి కాయలు తేలేలా చేసి కోసేదీ ఆ చుట్టుపక్కలే.

నేల తీరు

ఈ మొక్కలు పెరిగే నేలకు రెండు లక్షణాలు: ఎప్పుడూ తడి, ఎప్పుడూ పస్తు. ఉత్తరాది చిత్తడిలో స్ఫాగ్నం అనే నాచు వందల, వేల ఏళ్లుగా పెరుగుతూ, అడుగున కుళ్లీ కుళ్లకుండా పీట్‌గా పేరుకుంటుంది. స్ఫాగ్నం నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలను పట్టుకుని బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. అందుకే అక్కడి నీరు పుల్లగా, పీహెచ్ 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. ఆ ఆమ్లత, చలి, గాలి చొరబడని తడి కలిసి బ్యాక్టీరియా పనిని మందగింపజేస్తాయి. చచ్చిన ఆకులోని నత్రజని ఆకులోనే చిక్కుకుపోతుంది. కొత్తగా వచ్చే పోషకమంతా వానతో దిగిందే. ఇలాంటి చోట వేర్ల మీద ఆధారపడితే కడుపు నిండదు కాబట్టి ఈ మొక్క ఆకులతో తినడం నేర్చింది.

ఈ మాటకు రుజువు ఉంది. 2002లో పరిశోధకులు ఆరన్ ఎలిసన్, నికొలస్ గోటెల్లి పర్ప్యూరియా మొక్కలకు రకరకాల మోతాదుల్లో నత్రజని అందించి చూశారు. నత్రజని ఎక్కువైన కొద్దీ కూజా గొట్టం సన్నబడి, ఆకు చదునుగా, వెలుతురు పట్టే మామూలు ఆకులా మారింది. ఎరువు దొరికితే ఉచ్చు కట్టే శ్రమ మొక్క మానేస్తుందన్నమాట. తోటలో ఎరువు వెయ్యొద్దని అనుభవజ్ఞులు పదేపదే చెప్పడం వెనక ఉన్న శాస్త్రం ఇది.

కూజా పని చేసే తీరు

కూజా అంచు చుట్టూ, మూత కింద తేనె ఊరుతుంది. ఫ్లేవా మొక్కలో కొనీన్ అనే విషం ఉన్నట్టు 1976లో తేలింది. సోక్రటీసు ప్రాణం తీసిన హెమ్లాక్ మొక్కలో ఉన్నదీ ఇదే పదార్థం. మూత లోపలి రోమాలన్నీ కిందికి వాలి ఉంటాయి, కాబట్టి దిగడం సులువు, ఎక్కడం కష్టం. ఆ కింద నున్నటి గోడ, దాని కింద మళ్లీ కిందికి తిరిగిన పొడుగాటి రోమాలు, అట్టడుగున ద్రవం. ల్యూకోఫిల్లా, మైనర్ జాతుల్లో కూజా పైభాగాన ఆకుపచ్చ లేని పారదర్శకపు మచ్చలుంటాయి. ఈగ వెలుగు వచ్చే ఆ కిటికీల వైపు ఎగిరి, గోడకు కొట్టుకుని, అలసి కింద పడుతుంది.

పర్ప్యూరియా దారి వేరు. దాని మూత నిలువుగా నిలబడి వాన నీటిని లోపలికి పంపిస్తుంది, కూజా పొట్టిగా, పొట్ట ఉబ్బి ఉంటుంది. జీర్ణరసాలు లేత కూజాలో కొంత ఊరినా, పని మాత్రం ప్రధానంగా నీటిలోని సూక్ష్మజీవులది, లార్వాలది. పైగా ఇది గొప్ప వేటగత్తె ఏమీ కాదు. వచ్చి తేనె తాగి పోయే కీటకాల్లో నూటికి ఒక్కటి కూడా పడదని 1998లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. పడేవాటిలో చీమలు, ఈగలే ఎక్కువ.

శరత్కాలంలో ఏమవుతుంది

పగటి వెలుగు తగ్గడం మొక్కకు మొదటి సంకేతం, రాత్రి చలి రెండోది. ఈ రెండింటికీ జాతులన్నీ ఒకేలా స్పందించవు.

ఒరియోఫిలా అందరికంటే ముందు కొట్టు కట్టేస్తుంది. అలబామా, జార్జియా కొండల్లో వాగుల పక్కన పెరిగే ఈ జాతి కూజాలు నడివేసవికే వాడిపోతాయి. వాటి చోట కత్తిలా వంగిన, గొట్టం లేని చదును ఆకులు వస్తాయి. ఫ్లేవా కూడా వేసవి చివర ఇలాంటి ఆకులే వేస్తుంది. వీటికి వేట తెలియదు. సూర్యరశ్మిని పట్టి కొమ్ములో పిండిపదార్థం నింపడమే వీటి పని, చలికాలమంతా పచ్చగా నిలబడేవీ ఇవే. కొత్త తోటమాలి వీటిని చూసి, కూజా సరిగ్గా రాలేదు, రోగమేదో తగిలిందని కత్తిరించేస్తాడు. అది మొక్క సొంత పొదుపు ఖాతాను ఖాళీ చేయడమే.

ల్యూకోఫిల్లాది దీనికి పూర్తిగా ఎదురు. వసంతంలో అది వేసే కూజాలు సన్నగా, వంకరగా ఉంటాయి. ఆగస్టు చివర నుంచి వచ్చే రెండో విడతే దాని అసలు వైభవం: పొడవాటి గట్టి కూజాలు, మంచులా తెల్లటి మూతలు, వాటి మీద ఎర్రని ఈనెల వల. చుట్టూ గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతున్నప్పుడు ఇవి మాత్రం అప్పుడే పూసిన పూలలా నిలబడి ఉంటాయి. సర్రసీనియాల్లో ఒక్క దృశ్యమే చూసే అవకాశం ఉంటే ఏది చూడాలని అడిగితే, సెప్టెంబరు చివరి వారంలో అలబామాలోని స్ప్లింటర్ హిల్ చిత్తడి అని జవాబు చెప్పాలి. ఉత్తరాది తోటల్లో ఈ రెండో విడత ఒక్కోసారి పూర్తిగా విచ్చుకోకముందే మంచు పడుతుంది. ఈ జాతిని పెంచే ఉత్తరాదివాళ్లకు అది తీరని బెంగ.

పర్ప్యూరియా ఆకు రాల్చదు. దాని కూజాలు చలికాలమంతా అలాగే ఉండి మరుసటి వేసవి దాకా పనిలో ఉంటాయి. శరత్తులో వచ్చే మార్పు రంగుది. రాత్రి చల్లగా, పగలు ఎండగా ఉన్న రోజుల్లో ఆకులో ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం పేరుకుని, పచ్చటి కూజా మొదట ఈనెల వెంట ఎర్రబడి, తర్వాత మొత్తం ముదురు ఊదారంగుకు మారుతుంది. నీడలో ఉన్న మొక్క పచ్చగానే ఉండిపోతుంది. ఆంథోసయనిన్ తయారుచేయలేని హెటెరోఫిల్లా అనే రూపం ఎంత చలికైనా పసుపు కలిసిన ఆకుపచ్చలోనే ఉంటుంది.

ఈ కాలంలో ఉచ్చుల్లో పడేవాటి తీరూ మారుతుంది. వేసవి చివర కందిరీగల గూళ్లలో పెంచాల్సిన పిల్లలు తగ్గిపోతాయి. ఖాళీ అయిన పెద్ద కందిరీగలు తీపి కోసం తిరుగుతూ తేనె ఊరే కూజాల మీద గుంపులుగా వాలతాయి. అక్టోబరులో ఎండిపోతున్న ఫ్లేవా కూజాను నిలువునా చీల్చి చూస్తే ఒక ఏడాది వేట పొరలు పొరలుగా కనిపిస్తుంది. అట్టడుగున నల్లటి ముద్ద, అందులో చీమల తలలు, పెంకుపురుగుల రెక్కకవచాలు. దాని పైన ఈగల రెక్కలు గాజుముక్కల్లా మెరుస్తుంటాయి. అన్నిటికంటే పైన ఇంకా రంగు పోని పసుపు, నలుపు చారల కందిరీగలు ఒకదాని మీద ఒకటి కుక్కుకుని ఉంటాయి. మధ్యలో గోడ మీద గుండ్రటి కంత కనబడితే, చిక్కిన కందిరీగ ఒకటి గోడను కొరికి తప్పించుకుందని అర్థం. వేట మరీ ఎక్కువైన చోట కూజా గోడే గోధుమరంగుకు తిరిగి కుళ్లుతుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

ఇంకో వేట గురించి 2019లోనే శాస్త్రలోకానికి వివరంగా తెలిసింది. ఒంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కు చిత్తడిలో పర్ప్యూరియా కూజాలు పురుగులనే కాక సాలమాండర్ అనే ఉభయచరాల పిల్లలను కూడా పట్టుకుంటున్నాయి. కుంటల్లో పెరిగిన మచ్చల సాలమాండర్ పిల్లలు ఆగస్టు చివర, సెప్టెంబరులో గట్టెక్కి నేల మీదికి వస్తాయి. అదే సమయానికి పరిశోధకులు చూసిన మొక్కల్లో దాదాపు ఐదో వంతులో అవి పడి ఉన్నాయి. కొన్ని మూడు రోజుల్లో చచ్చిపోతే, ఒకటి రెండు వారాలు దాటి 19 రోజుల వరకు బతికినవీ ఉన్నాయి. పోషకం దొరకని ఆ నేలలో ఒక్క సాలమాండర్ అంటే ఎన్నో చీమలకు సమానమైన నత్రజని.

విత్తనం కూడా ఈ కాలంలోనే పండుతుంది. పువ్వు మే, జూన్ నెలల్లో పొడవాటి కాడ కొసన తలవంచి పూస్తుంది. లోపలి కీలాగ్రం తిరగేసిన గొడుగులా విచ్చుకుని రాలే పుప్పొడిని పట్టుకుంటుంది. పూరేకులు రాలినా ఆ గొడుగు అలాగే ఉండి, సెప్టెంబరు, అక్టోబరు నాటికి కాయ గోధుమరంగుకు తిరిగి పగులుతుంది. విత్తనం మీద మైనపు పూత ఉంటుంది కాబట్టి నీటి మీద తేలుతుంది. అయినా చాలా విత్తనాలు తల్లి మొక్కకు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే పడతాయి. తడిలో కొన్ని వారాల చలి తగిలితే గాని అవి మొలవవు. మొలిచాక పూతకు రావడానికి నాలుగైదేళ్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది.

కూజా నీటిలో కాపురాలు

పర్ప్యూరియా కూజాలోని పిడికెడు నీటిలో ఒక చిన్న చెరువే నడుస్తుంది. పైన తేలుతూ ఫ్లెచెరిమియా అనే ఈగ లార్వా కొత్తగా పడిన కీటకాన్ని తింటుంది. మధ్యలో వయోమియా స్మితియై అనే దోమ పిల్లలు ఈదుతూ బ్యాక్టీరియాను వడపోసుకుంటాయి. అడుగున మెట్రియోక్నీమస్ నాబై అనే సన్నని తెల్ల లార్వాలు కుళ్లును నమిలి చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. వీటి విసర్జనే మొక్కకు అందే తిండి. దోమ, అడుగు లార్వా రెండూ ఈ మొక్క కూజాలో తప్ప మరెక్కడా పెరగవు. ఉత్తరాదిలో ఆ దోమ మనిషిని కుట్టదు కూడా.

చలి వస్తే ఇవి ఎటు పోతాయి? ఫ్లెచెరిమియా కూజాను వదిలి నాచులోకి దిగి ప్యూపాగా మారుతుంది. దోమ లార్వా మాత్రం కదలదు. పగటి వెలుగు ఒక మేరకు తగ్గగానే ఎదుగుదల ఆపేసి, కూజాలోని నీరు గడ్డకట్టినా ఆ గడ్డలోనే వసంతం దాకా ఉండిపోతుంది. జనవరిలో కూజా నుంచి మంచుగడ్డ తీసి వెలుగుకు పట్టి చూస్తే సన్నని దారాల్లా ఇవి కనిపిస్తాయి.

ఈ దోమ మీద ఒరెగాన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు విలియం బ్రాడ్‌షా, క్రిస్టినా హోల్జాఫెల్ చేసిన పని జీవశాస్త్రంలో ఒక మైలురాయి. నిద్రకు దిగడానికి లార్వా ఎదురుచూసే వెలుగు గంటల లెక్క దాని జన్యువుల్లో ఉంటుంది. 1972కూ 1996కూ మధ్య ఆ లెక్కే మారిపోయిందని 2001లో వాళ్లు ప్రకటించారు. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 1996 నాటి దోమలు 1972 నాటివాటికంటే 9 రోజులు ఆలస్యంగా నిద్రకు దిగుతున్నాయి. శరత్కాలం సాగింది, దానికి తగ్గట్టు దోమ వంశమే మారింది. వేడెక్కుతున్న వాతావరణం ఒక అడవి ప్రాణిలో జన్యుపరమైన మార్పు తెచ్చిందని చూపిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఒక తోటమొక్క ఆకులో ఉన్న గుక్కెడు నీటి నుంచి ఇంత పెద్ద ఆధారం రావడం ఆశ్చర్యమే.

ఎక్సైరా అనే చిమ్మటలకు కూడా ఈ కూజాలే ఇల్లు. వాటి గొంగళిపురుగు కూజా నోటికి పట్టుదారం అడ్డం కట్టి లోపలి గోడను గోకి తింటుంది, చలికాలం అందులోనే దాక్కుంటుంది. ఇంకో చిమ్మట, పాపైపీమా అప్పాషనేటా, ఏకంగా కొమ్మునే తొలుస్తుంది. తోటమాలికి నష్టం దీనివల్లే. కూజా మొదట్లో నారింజరంగు రవ్వ కనిపిస్తే కొమ్మును వెంటనే పరీక్షించాలి.

తోట కట్టడం, శరత్తు పనులు

చలిదేశాల్లో చిత్తడి తోట అంటే సుమారు 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు గొయ్యి, దానిలో చెరువులకు పరిచే రబ్బరు షీటు, పీట్‌కు ఉతికిన సిలికా ఇసుక కలిపిన మిశ్రమం. నీరు పూర్తిగా నిలవకుండా పైన కొంత లోతు దగ్గర షీటుకు చిల్లులు పెడతారు. సముద్రపు ఇసుక, సున్నం తగిలిన ఇసుక పనికిరావు. నీరు వానదో, శుద్ధి చేసిందో కావాలి. లీటరు నీటిలో కరిగిన లవణాలు 50 మిల్లీగ్రాములు దాటితే ఈ మొక్కకు మెల్లమెల్లగా విషమే. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి.

తోడుగా క్రాన్‌బెర్రీ తీగ, పత్తిగడ్డి, పోగోనియా, కలొపోగాన్ ఆర్కిడ్లు, డ్రాసెరా అనే మరో రకం కీటకాహార మొక్కలు పెట్టుకుంటారు. డ్రాసెరాలది చూడదగ్గ శరత్తు. ఆకులన్నీ ఎండి, మధ్యలో గట్టి పచ్చ మొగ్గ ఒకటి మిగులుతుంది. వసంతంలో దాని నుంచే కొత్త మొక్క విచ్చుకుంటుంది. తెలుగు నేలల్లో వానల తర్వాత చెమ్మ ఇసుకలో మొలిచే డ్రాసెరా ఇండికాకు ఈ తంటా లేదు. అది విత్తనమేసి ఏడాదితో కథ ముగించేస్తుంది.

అక్టోబరులో మొదటి పని రాలిన ఆకులను ఏరడం. మేపుల్, ఓక్ ఆకులు చిత్తడి మీద పడి కుళ్లితే లేని పోషకం వచ్చి చేరుతుంది, నాచు ఊపిరాడక చస్తుంది, బూజు పుడుతుంది. వల కప్పేయడం తేలిక. రెండో పని, ఏమీ చేయకుండా ఉండటం. ఎండి గోధుమరంగైన కూజాలను మాత్రమే తీయాలి. కొంత పచ్చగా ఉన్నది ఇంకా కొమ్ముకు తిండి పంపుతూనే ఉంటుంది. ఎక్సైరా గొంగళిపురుగులు కూడా అందులోనే ఉండొచ్చు. పూర్తిగా శుభ్రం చేయాలన్న ముచ్చటను ఏప్రిల్ దాకా వాయిదా వేసుకోవాలి. విభజించి నాటే పని కూడా అంతే. శరత్తులో కొమ్ము విరిస్తే గాయం మానే లోపే నేల గడ్డకడుతుంది.

చలి నుంచి కాపాడటం మూడో పని. ఇక్కడ ఒక అపోహ ఉంది. గడ్డకట్టడం వల్లే మొక్క చస్తుందని చాలామంది భయం. నిజానికి ఎక్కువ మొక్కలను చంపేది ఎండబెట్టే గాలి. నేల గడ్డకట్టి వేరు నీరు తాగలేనప్పుడు, పైన మంచు లేక, చలిగాలి ఆకులోని తడిని పీల్చేస్తుంది. చలికాలమంతా మంచు కప్పి ఉండే ఉత్తర ఒంటారియోలో బతికిన మొక్క, మంచు పడకుండా గాలి మాత్రం వీచే దక్షిణపు ఊళ్లో చచ్చిపోవడానికి కారణం ఇదే. అందుకే పైన్ ఆకుల పొరను ఓ పది పదిహేను సెంటీమీటర్ల మందాన కప్పుతారు. తొందరపడి అక్టోబరులోనే కప్పకూడదు. కింద వెచ్చగా, తడిగా ఉంటే బొట్రైటిస్ బూజు పడుతుంది, ఎలుకలు కాపురం పెడతాయి. నాలుగైదు సార్లు గట్టిగా మంచు పడి నేల పైపొర బిగుసుకోవడం మొదలయ్యాక, న్యూ ఇంగ్లండ్‌లో సుమారు నవంబరు చివర, కప్పడం సరైన అదను. ఉత్తరపు పర్ప్యూరియాకు చాలాచోట్ల కప్పే అవసరమే లేదు. తొట్టెల్లో ఉన్నవాటి సంగతి వేరు. వాటి వేళ్లకు నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది కాబట్టి తొట్టెను నేలలో పాతడమో, గడ్డకట్టని చల్లటి గ్యారేజీలో ఉంచడమో చేస్తారు.

వెచ్చటి ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టడం మాత్రం మంచి ఉద్దేశంతో చేసే హాని. మొక్కకు నిద్ర పట్టదు, సన్నని బలహీనమైన ఆకులు వేసి, వసంతానికి నిల్వలు అయిపోతాయి. ఒక ఏడాది తట్టుకుంటుంది, రెండో ఏడు కుంగిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో దీన్ని పెంచాలనుకునేవారికి అడ్డంకి కూడా ఇదే. అలబామా ఎండలకు అలవాటుపడిన మొక్క మన ఎండను చాలావరకు ఓర్చుకుంటుంది, చలి లేకపోవడాన్ని ఓర్చుకోలేదు. వేడి దేశాల్లోని పెంపకందారులు కొందరు కొమ్మును కడిగి, తడి నాచులో చుట్టి, మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి ఈ లోటు తీరుస్తారు. బోరు నీరు పోయకూడదన్నది ఇక చెప్పనక్కర్లేదు.

పేరు, చరిత్ర

క్విబెక్‌లో వైద్యుడిగా ఉన్న మిషెల్ సర్రజాన్ ఈ మొక్కను పారిస్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు టూర్నెఫోర్‌కు పంపించాడు. సర్రజాన్ పేరు మీదే ప్రజాతికి పేరు వచ్చింది. 1753లో లిన్నేయస్ ఆ పేరునే ఉంచి పర్ప్యూరియా, ఫ్లేవా జాతులను వర్ణించాడు. ఆకులో నీరెందుకు అన్న ప్రశ్నకు లిన్నేయస్ చెప్పిన జవాబు, దాహం వేసిన చిన్న పిట్టల కోసమని. ప్రకృతి పరిశీలకుడు మార్క్ కేట్స్‌బీ ఇంకో అడుగు ముందుకేసి, కప్పల నుంచి పురుగులు తలదాచుకునే ఆశ్రయమని రాశాడు. చచ్చిన పురుగులు కుప్పలుగా కళ్లముందే ఉన్నా, మొక్క జంతువును తింటుందన్న మాట ఆ కాలపు ఊహకు అందలేదు. 1870ల్లో సౌత్ కరోలినా వైద్యుడు మెల్లిచాంప్ కూజా తేనె, ద్రవాల మీద ప్రయోగాలు చేశాడు. 1874లో వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ ఉపన్యాసం, 1875లో కీటకాహార మొక్కల మీద డార్విన్ పుస్తకం వచ్చాకే లోకం ఒప్పుకుంది. డార్విన్ పుస్తకంలో సింహభాగం మాత్రం డ్రాసెరాదే.

నోవా స్కోషియాలోని మిక్మాక్ ఆదివాసులు దీని కొమ్మును మశూచికి మందుగా వాడేవారు. 1860లలో ఆ మాట యూరప్ వైద్యపత్రికలకెక్కి చాలా వాదన నడిచింది. 2012లో ఒక ప్రయోగశాల అధ్యయనం ఈ మొక్క సారం పాక్స్ వైరస్ వృద్ధిని కణాల్లో అడ్డుకుంటుందని చూపింది. అది పరీక్షనాళికలో జరిగింది, మనుషుల్లో కాదు.

ముప్పు, వలస

దక్షిణాది చిత్తడినేలల్లో చాలా భాగం పొలాలుగా, కలప తోటలుగా, ఇళ్లుగా మారిపోయింది. మిగిలినవాటికి నిప్పు కావాలి. అప్పుడప్పుడు గడ్డి తగలబడకపోతే పొదలు అలుముకుని కూజాలకు ఎండ తగలదు. పిడుగులు పెట్టిన మంటలను మనుషులు ఆర్పుతూ పోవడంతో ఇప్పుడు అటవీ సిబ్బందే పథకం ప్రకారం నిప్పు పెట్టాల్సి వస్తోంది. పూల వ్యాపారం కోసం ల్యూకోఫిల్లా శరత్తు కూజాలను అడవి నుంచి కోసుకుపోవడం మరో దెబ్బ. కొమ్ములో నిల్వ పెట్టాల్సిన నెలల్లోనే ఆకు పోతుంది కాబట్టి ఏటా కోస్తే మొక్క చిక్కిపోతుంది. ఒరియోఫిలాను అమెరికా ప్రభుత్వం 1979లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఇదీ, రూబ్రా గుంపులోని అలబామెన్సిస్, జోన్సియై రూపాలూ మొదటి అనుబంధంలో ఉన్నాయి. మిగిలినవి రెండో అనుబంధం కిందికి వస్తాయి. నర్సరీలు విభజన, విత్తనం, కణజాల వర్ధనం ద్వారా పెంచిన మొక్కలు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి.

ఉత్తరాది పర్ప్యూరియా కథ ఇందుకు తలకిందులు. 1906లో ఐర్లండ్‌లోని రాస్కామన్ కౌంటీ, టర్మన్‌బారీ చిత్తడిలో కొన్ని మొక్కలు నాటారు. తడి, పులుపు, చలి అన్నీ సొంత ఊరిలాగే కుదరడంతో అవి స్థిరపడి పెరిగాయి. స్విట్జర్లాండులోనూ, బ్రిటన్‌లోనూ ఇలాగే నాటినవి అడవి మొక్కలుగా మారాయి. అక్కడి స్ఫాగ్నం మీద పరుచుకుని, స్థానిక చిన్న మొక్కలకు చోటు లేకుండా చేస్తున్నాయని గుర్తించి, కొన్ని చిత్తడుల్లో వీటిని చేత్తో పీకి తీసేస్తున్నారు. కాయలు పగలకముందే, అంటే సెప్టెంబరు లోపే, వాటిని కోసేస్తే పని సగం తగ్గుతుంది.